పెకింగునకు పంపని జాబు

మా పెద్దమ్మ గతించి ముప్పది సంవత్సరములు దాటినది. గత మాఘమాసమున గుంటూరులోని మా పాత యింటికి మరమ్మతులు చేయించుచు ఆమె వాడిన రేకుపెట్టెను తెఱచితిని. అందు పట్టుచీర యొక్కటియు లేదు. అవి కట్టు యోగము ఆమెకు తొమ్మిదవ యేటనే తీఱిపోయినది. తెల్లని నేతచీరలు నాలుగు, వాని క్రింద పురికొసతో కట్టిన పత్రికల కట్ట యొకటి కానవచ్చినవి. కట్ట విప్పగా అవి ‘చైనా రికన్‌స్ట్రక్ట్స్’ అను ఆంగ్ల మాసపత్రిక సంచికలు, 1956 మొదలు 1959 తొలినెలల వఱకు. వాని నడుమ ఒక కవరు. దానిపై “పత్రికాధిపతులకు, పెకింగు, చైనా” అని పెద్దమ్మ గుండ్రని ఆంగ్లాక్షరములలో వ్రాసియున్నది. తపాలాబిళ్ల మాత్రము లేదు.

సోదరీమణులారా! ఆ కవరును చూడగానే నాకు పదునొకండేండ్ల ప్రాయము తిరిగి వచ్చినట్లయినది. ఆ జాబు వ్రాయుచుండగా నేను ఆమె ప్రక్కనే కూర్చుండి నిఘంటువు పుటలు త్రిప్పితిని.

పత్రికను గూర్చి నేటి చదువరులకు కొంచెము చెప్పవలసియున్నది. చైనాలో 1949లో క్రొత్త ప్రభుత్వ మేర్పడిన పిమ్మట, తమ దేశమున ప్రజలెట్లు జీవించుచున్నారో పరదేశీయులకు తెలియజెప్పు నుద్దేశముతో, ప్రధానమంత్రి చౌ ఎన్ లై ప్రోత్సాహమున దీనిని సుంగ్ చింగ్‌లింగ్ అను మహిళ స్థాపించెను. తొలి సంచిక 1952 జనవరిలో వెలువడినది. మొదట రెండు నెలల కొకసారియు, 1955 నుండి నెలనెలయు వచ్చుచుండెడిది.

సుంగ్ చింగ్‌లింగ్ సామాన్యురాలు కాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున వెస్లియన్ కళాశాలలో చదివి 1913లో పట్టము పొందెను. 1915లో, తలిదండ్రులు వలదన్నను వినక, తనకంటె ఇరువదియైదేండ్లకు పైగా పెద్దవాడును, చైనా ప్రజాతంత్రమునకు మూలపురుషుడునునగు సన్ యట్ సేన్‌ను పెండ్లాడెను. 1925లో ఆయన మరణించునప్పటికి ఆమెకు ముప్పదిరెండేండ్లు. జపాను దండయాత్రకాలమున 1938లో హాంగ్‌కాంగ్‌నందు చైనా రక్షణసమితిని నెలకొల్పి, గాయపడినవారికి మందులను, దిక్కులేని బిడ్డలకు తిండిని సమకూర్చెను. ఆ యేడే మన దేశమునుండి డాక్టర్ కోట్నీస్ మొదలగు వైద్యులైదుగురు అచటికి సేవకేగిరి. 1951లో తనకు లభించిన స్టాలిన్ శాంతిబహుమాన ద్రవ్యమునంతయు ఆమె షాంఘైలో తల్లీబిడ్డల ఆసుపత్రికి ఇచ్చివేసెను. 1955 డిసెంబరులో మన దేశమునకును వచ్చెను. వితంతువై యుండి ఇన్ని పనులు చేసిన స్త్రీ నడపించు పత్రిక యనియే మా పెద్దమ్మ దానిని మొదట చేత బట్టినది.

పెద్దమ్మకు ఏడవ యేట పెండ్లి, తొమ్మిదవ యేట వైధవ్యము. మా తాతగారు లోకమునకు వెఱవక ఆమెను గుంటూరు శారదానికేతనమున చేర్చి చదివించిరి. చదువుకొని ఉపాధ్యాయిని యయ్యెను. మరల పెండ్లి చేయుటకు మాత్రము తాతగారికి ధైర్యము చాలలేదు. వితంతువు వివాహమాడవచ్చునని మన దేశమున 1856లోనే శాసనమైనది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును 1881 డిసెంబరు 11వ తేదీన జరిపించిరి. శాసనమున్నది, పంతులుగారు దారి చూపిరి. అయినను మా వీథిలో ఆ మాట యెత్తువారు లేకపోయిరి.

అందుచేతనే చైనాలో 1950 మే 1వ తేదీన అమలునకు వచ్చిన వివాహశాసనమును గూర్చి చదివినప్పుడు పెద్దమ్మ ఆ పుటను మూడుసారులు చదివెను. బాల్యమున నిశ్చితార్థములు చేయరాదు, ఒకరికి మించి భార్యలు కూడదు, పదునెనిమిదేండ్లు నిండనిదే ఆడుపిల్లకు పెండ్లి కూడదు, కన్యాశుల్కము గ్రహింపరాదు. ఇవన్నియు సరియే. ఆమెను కట్టివేసిన మాట వేఱొకటి. వితంతువు మరల పెండ్లాడుటకు ఎవ్వరును అడ్డురాకూడదని ఆ శాసనమందున్నది. “మనవారు ఆడుదానికి అనుమతి యిచ్చిరి. వారు అడ్డుపడువానిని పట్టుకొనిరి. రెంటికిని చాల భేదమున్నదే!” అని ఆమె నాతో ననెను. నాకప్పుడు బోధపడలేదు.

పత్రికలు మా పొరుగింటి పెద్దమనిషి యొకరు తెప్పించుకొనెడివారు. ఆయన సమధర్మవాది, మంచివాడు, ఆంగ్లమున దిట్ట. తాను చదివిన పిమ్మట “అక్కయ్యగారూ, ఇదిగో క్రొత్త చైనా!” అని మా గుమ్మములో నుంచి పోవుచుండెడివారు. నున్నని కాగితము, రంగుల బొమ్మలు, తపాలాబిళ్లలను గూర్చి యొక పుట, చీనాభాష నేర్చుకొనుటకు పాఠములు, వంటలు, చదువరుల జాబులు. ఆ జాబులను నేను మొన్న మరల చదివితిని. ప్రపంచపు నలుమూలలనుండి వచ్చినవి. మెప్పులే యెక్కువ. “మీ వంతెన యెంత గొప్పది”, “మీ పిల్లలెంత బొద్దుగా నున్నారు” యను ధోరణి. మెప్పు వ్రాయువారిని తప్పుపట్టను. అందమైన బొమ్మను చూచినవారు మెచ్చుకొనక యేమి చేయుదురు?

1958లో చైనాలోని పల్లెలు కమ్యూనులుగా మాఱినవి. ఆగస్టులో నిర్ణయము, సంవత్సరాంతమునకు కర్షకజనము దాదాపు సర్వమును అందే. పొలములు ఉమ్మడి, పనిముట్లు ఉమ్మడి, చివరకు వంటయు ఉమ్మడి. లక్షలకొలది భోజనశాలలు వెలసినవి. పత్రికలయందు వాని చిత్రములు: మనుష్యుడు దిగి స్నానము చేయదగినంతటి గుండిగలు, పొగలు గ్రక్కు అన్నము, నవ్వుచు వడ్డించు యువతులు. స్త్రీ యిక వంటింటి బానిస కాదనియు, ఆమె చేతులు దేశమునకు దక్కినవనియు వ్రాతలు. సుదీర్ఘకాలము పొగలో కన్నులు పోగొట్టుకొన్న మన తల్లులను తలచుకొనిన, ఆ మాట తియ్యగానే యుండెను. మా అమ్మకు ఆ బొమ్మ చూపగా, “ఒక్క పూటైనా నాకట్టి భాగ్యము కలుగునా?” అనెను.

పెద్దమ్మ మాత్రము ఆ బొమ్మను చాలసేపు చూచి, “ఇండ్లలో పొయ్యి యుంచిరా, తీసివేసిరా?” అని తనలో తాననుకొనెను. ఆ ప్రశ్నయే జాబునకు మూలము.

జాబు 1959 మార్చి 2వ తేదీన వ్రాసినది. ముందుగా తెలుగున వ్రాసికొన్న చిత్తుప్రతియు కవరులోనే యున్నది గనుక, దానిలోని భాగమును ఆమె మాటలలోనే యిచ్చుచున్నాను.

“పత్రికాధిపతులకు నమస్కారములు. నేను దక్షిణ భారతమున ఆంధ్రప్రదేశమునందలి యొక బాలికల పాఠశాలలో ఉపాధ్యాయినిని. బాల్యముననే భర్తను కోల్పోయినదానను. మీ వివాహశాసనమును గూర్చి చదివి మీ సోదరీమణుల యదృష్టమునకు సంతోషించితిని. అయితే అడ్డుపడినవారికి నిజముగా శిక్ష పడుచున్నదా? పల్లెలలో అత్తమామలు ఊరకుండిరా? మీరు చెప్పలేదు. ఇది సందేహించి యడుగుటకాదు. మా దేశమున శాసనము కాగితమున నిలిచిపోయినది గనుక అడుగుచున్నాను.

“మీ భోజనశాలల చిత్రములు చూచితిని. మనిషికి పూటకు ఎంత బియ్యము? ఎవరు కొలుచుదురు? కొలుచువానికి తన వారొకరు, పెఱవారొకరును లేరా? బాలింతకు పథ్యము ఎవరు పెట్టుదురు? రాత్రివేళ జ్వరము వచ్చిన బిడ్డకు గంజి కాచి యిచ్చుటకు ఇంటిలో పొయ్యియు, ఒక గిన్నెయు, గుప్పెడు బియ్యమును ఉన్నవా? వంటచాకిరి తప్పుట మంచిదే. వండుకొను వీలు తప్పుట మంచిది కాదు. మీ పత్రికలోని స్త్రీలందఱును నవ్వుచున్నారు. అలసిన యామెను ఒక్కతెను చూపుడు. అప్పుడు నవ్వినవారి నవ్వును కూడ నమ్ముదును.”

ఇంతే. ఇందులో నింద లేదు, రాజకీయము లేదు. ఒక వంటింటి మనిషి మఱియొక వంటింటిని గూర్చి యడిగిన ప్రశ్నలు.

ఆ దినములలోనే జరిగిన మఱియొక ముచ్చట చెప్పెదను. వేఱొక చైనా సచిత్రపత్రికలో ఒక ఫోటో వచ్చినది: దట్టముగా పండిన వరిచేను, ఆ వెన్నులపైన నలుగురు పిల్లలు నేలమీద నిలిచినట్లు నిలిచియున్నారు! వారి బరువునకు పైరు వంగనైన లేదు. ఈ ఫోటో 1958 ఆగస్టు 15వ తేదీన పెకింగులోని ‘పీపుల్స్ డైలీ’లో పడినది. హుబే రాష్ట్రమున మాచెంగ్ అను ప్రాంతములోని చేనట. అచట ఒక ‘ము’ నేలలో 36,900 ‘జిన్‌’ల ధాన్యము పండినదని ప్రకటించిరి. జిన్ అనగా అరకిలో. ము అనగా మన యెకరములో ఆఱవవంతు. లెక్క కట్టి చూచితిని. ఎకరమునకు డెబ్బదియైదు కిలోల బస్తాలు దాదాపు పదునైదు వందలు! పెద్దమ్మ ఆ బొమ్మను మా పాలేరునకు చూపెను. అతడు దానిని దూరముగా పట్టుకొని, దగ్గఱగా పట్టుకొని, “ఇది పండిన చేను కాదమ్మగారూ. ఎక్కడెక్కడి పైరో తెచ్చి ఒకచోట గుచ్చినారు. ఇంత ఒత్తుగా ఉంటే గాలాడదు, నాలుగు రోజులకు కుళ్లిపోతుంది” అని నవ్వెను. అక్షరము రాని మనిషి. అతడు చెప్పినది అక్షరాల నిజము. పలు మళ్లలోని పైరును పెఱికి ఒక్క మడిలో దట్టించిరనియు, పిల్లల పాదముల క్రింద బల్ల దాచిరనియు తరువాత బయటపడినది.

వేడుకగా నున్నది గదా. కాని ఆ బస్తాల లెక్కను బట్టియే ప్రభుత్వపు ధాన్యసేకరణ జరిగినది. పండినదానిలో భాగము తీయుట వేఱు, పండనిదానిలో భాగము తీయుట వేఱు. 1958 శరదృతువున భోజనశాలలలో కడుపునిండ ఎంతైన తినుడని పెట్టిరి. శీతకాలము గడచునప్పటికి గాదెలు అడుగంటినవి. ఇండ్లలోని ఇనుపమూకుళ్లు, గరిటెలు పెరటి కొలుములలో ఉక్కుచేయుటకై కరగిపోయి యుండెను. అనేక ప్రాంతములలో ఇంట వండుకొనుట నిషిద్ధమై, చూరునుండి పొగ లేచినచో సోదాకు వచ్చువారుండిరి. గరిటె యెవని చేతనున్నదో ప్రాణము వాని చేతిలో నున్నట్లయినది. ఎదురాడినవానికి, పనికి రాలేని ముసలివానికి, రోగికి గంజి కోత. ఆ 1959లోనే చైనా 40 లక్షల టన్నులకు మించిన ధాన్యమును పరదేశములకు ఎగుమతి చేసినది. 1961లో గాని కెనడా, ఆస్ట్రేలియాలనుండి ధాన్యము దిగుమతి చేసికొని, భోజనశాలలను మూసి, ఇండ్లలో పొయ్యిలు వెలిగించుకొననీయలేదు. 1959 మొదలు 1961 వఱకు ఆ కఱవున మరణించినవారెందఱన్నచో, పండితులు కోటిన్నర మొదలు నాలుగున్నర కోట్లవఱకు పలువిధముల చెప్పుదురు.

ఇంటిలో పొయ్యి యున్నదా యని ఆంధ్రదేశమునుండి యొక ఉపాధ్యాయిని అడిగిన ప్రశ్న, ఆ వంకరయంతయు ఎచట ప్రారంభమైనదో అచటనే వ్రేలుపెట్టినది. పెద్ద పెద్ద ఆర్థికశాస్త్రవేత్తలు, పత్రికా విలేఖరులు అప్పుడు ఉక్కు లెక్కలను అడుగుచుండిరి.

ఇక పంపకపోవుటకు కారణము. పెద్దమ్మ ఆంగ్లప్రతిని దిద్దించుకొనుటకు పొరుగింటి పెద్దమనిషికి చూపినది. ఆయన రెండుచోట్ల ఎఱ్ఱసిరాతో విభక్తి సవరించి, కన్నులద్దములు తీసి నవ్విరి. “కోట్లకొలది జనము చరిత్రను తిరుగవ్రాయుచుండగా, మీరు పొయ్యిని గూర్చి వ్రాయుదురా, అక్కయ్యగారూ? మహిళావిముక్తిని గూర్చి యేదైన అడుగుడు, నేనే తపాలాకు వేసెదను” అనిరి. ఆయన చెడుతలంపుతో అనలేదు. పెద్దమ్మ మాఱుపలుకక కాగితములు తీసికొని వచ్చినది. కవరు కట్టి, చిరునామా వ్రాసి, రెండు దినములు బల్లమీద నుంచినది. పిమ్మట ఆ మార్చినెలలోనే టిబెట్టున తిరుగుబాటు, దలైలామా మన దేశమునకు వచ్చుట జరిగినవి. ఆ యేడే సరిహద్దున కాల్పులు. 1962లో యుద్ధమే వచ్చినది. చైనాకు జాబు వ్రాయు మాటయే లేకపోయినది. పొరుగాయన పత్రిక తెప్పించుట మానివేసిరి. కవరు పెట్టెలో చేరినది.

నవ్వినందుకు ఆయనపై నాకు కోపము లేదు. కాని ఆడువారు అడుగు ప్రశ్న చిన్నదియని యెవరు నిర్ణయించిరో నాకిప్పటికిని తెలియదు.

జాబు చేరియుండినచో నేమగును? ఈ యాలోచన నన్ను చాలరాత్రులు వదలలేదు. పత్రికలో పనిచేసినవారు దుర్మార్గులు కారు. ముఖ్యసంపాదకులలో నొకడగు ఇజ్రాయెల్ ఎప్‌స్టీన్ పోలండులోని వార్సాలో జన్మించి, పసివాడుగా చైనాకు వచ్చి, అచటనే పెరిగి, 1957లో చైనా పౌరసత్వము స్వీకరించెను. హాంగ్‌కాంగ్ దినములనుండి సుంగ్ చింగ్‌లింగ్‌కు తోడుగా నుండెను. వారు తాము నమ్మినదే వ్రాసిరనుకొందును. నమ్మక మెంత దూరము పోగలదో చెప్పుటకు ఒక యుదాహరణము చాలును. యాంగ్ జిషెంగ్ అను నతడు హుబే రాష్ట్రమున షిషుయి ప్రాంతపువాడు. పిల్లలు వెన్నులపై నిలిచిన మాచెంగ్‌కును ఇదియు అదే హువాంగ్‌గాంగ్ మండలము. 1959 వసంతమున, అనగా మా పెద్దమ్మ జాబు వ్రాసిన రెండునెలలకు, బడిలో చదువుకొనుచున్న యాంగ్‌కు ఇంటినుండి కబురు వచ్చినది. తనను పెంచిన తండ్రి ఆకలిచే మంచమున నుండెను. పిల్లవాడు తెచ్చిన బియ్యముతో గంజి కాచినను ఆ తండ్రి మ్రింగలేకపోయి, కొలది దినములకే కన్నుమూసెను. ఆ కుఱ్ఱవాడు అయినను దేశమంతట శుభమే జరుగుచున్నదనియు, తన యింటిదొక్కటే దురదృష్టమనియు తలచెను. ఆ మహాప్రయత్నమును పొగడుచు వ్రాయుచునే యుండెను. పిమ్మట ప్రభుత్వ వార్తాసంస్థలో విలేఖరియై, దశాబ్దముల తరువాత మూలపత్రములు వెదకి, 2008లో హాంగ్‌కాంగ్‌నందు ‘సమాధిఫలకము’ అను బృహద్గ్రంథమును ప్రకటించెను. అతని లెక్కను బట్టి మృతులు మూడుకోట్ల అఱువది లక్షలు.

కన్నతండ్రి వంటివాడు ఎదుట పోయినను కన్నులు తెఱవనీయని వ్రాతలు, సముద్రములు దాటి మా గుంటూరు గుమ్మమునకు నున్నని కాగితముపై వచ్చినవి. పెద్దమ్మకు తెలిసినదేమియు లేదు. తెలియలేదని తెలిసినది, అంతే.

ఆ పత్రికవారికిని తరువాతి దినములు సుఖముగా గడవలేదు. 1966లో సాంస్కృతికవిప్లవ మారంభము కాగా, షాంఘైలో సుంగ్ చింగ్‌లింగ్ తలిదండ్రుల సమాధిని యువకమూకలు పాడుచేసినవి. సంపాదకమండలి నాయకుడుగా నుండిన జిన్ జోంగ్‌హువా వేధింపులకు తాళలేక 1968లో ప్రాణము తీసికొనెను. ఎప్‌స్టీన్‌ను, అతని భార్యను అదే యేడు చెఱసాలలో వేసి, 1973 వఱకు ఐదేండ్లు ఉంచిరి. అతడు బయటికి వచ్చి మరల అదే పత్రికకు ప్రధానసంపాదకుడై పనిచేసి, 2005లో మరణించెను. ఇతరుల కన్నీరు అచ్చువేయలేకపోయినవారి కన్నీరును అచ్చువేయుటకు వారి పత్రికలోనే తావు లేకపోయినది. ఆ సంవత్సరముల సంచికలు నేను వేఱొకచోట చూచితిని. పుటపుటకును అధ్యక్షుడు మావో సూక్తులే.

మన దేశము ఈ విషయమున శుద్ధమైనదని చెప్పుకొనుటకు నాకు నోరు రాదు. 1943లో బెంగాలున ముప్పది లక్షల మంది ఆకలిచే మరణించిరి. అప్పటి ఆంగ్లప్రభుత్వము కఱవు అను మాట వాడనీయలేదు. ఆ యాగస్టులో కలకత్తా ‘స్టేట్స్‌మన్’ పత్రిక వీథులలో పడియున్నవారి ఛాయాచిత్రములు ప్రచురించుటచే గాని లోకమునకు తెలియలేదు. ఒక ఫోటో కఱవును దాచినది, ఒక ఫోటో కఱవును చూపినది. స్వతంత్రభారతమున అంతటి కఱవు రాకపోవుటకు పత్రికల స్వేచ్ఛ యొక కారణమని అమర్త్యసేన్ వ్రాసెను. ఆయనయే మఱియొక మాటయు చెప్పెను: మామూలు సంవత్సరములలో శిశుమరణములు తగ్గించుటయందు చైనా మనకంటె ముందే యున్నదని. ఈ రెండవ మాటను మనవారు తఱచు మఱచెదరు.

చైనా కఱవు ఎంతటిదో 1982 జనాభాలెక్కలు వెలువడి, పండితులు వానిని పరిశీలించిన పిమ్మట గాని లోకమునకు పూర్తిగా అర్థము కాలేదు. అప్పటికి పెద్దమ్మకు అఱువదియేడేండ్లు. దినపత్రికలో ఆ వార్త చదివి వినిపింపగా, కొంచెముసేపటికి, “పొయ్యి తీసివేసియే యుందురు” అని మాత్రమనెను. జాబు మాట యెత్తలేదు. నేనును మఱచితిని.

‘చైనా రికన్‌స్ట్రక్ట్స్’ 1990లో ‘చైనా టుడే’ యని పేరు మార్చుకొన్నది. మా మనుమరాలు ఉద్యోగపు పనిమీద షాంఘై పోయి వచ్చుచు నాకొఱకు దాని సంచికలు నాలుగు తెచ్చినది. చదివితిని. వేగపు రైళ్లు, కొండలలో తేయాకు తోటలు, దారిద్ర్యమునుండి బయటపడిన పల్లెలు. ఇవి కల్లలు కావు. మనుమరాలు స్వయముగా ఆ రైలెక్కి వచ్చినది. ఆ దేశము నలువది యేండ్లలో సాధించినదానిని తక్కువ చేయుట అసూయ యగును. అయినను పెద్దమ్మ కన్నులు నాకు సంక్రమించినవి గాబోలు, ప్రతి బొమ్మలోను ముసలమ్మను వెదకితిని.

ఏలయన, పట్టణములకు పనికి పోయిన తలిదండ్రుల బిడ్డలను పల్లెలలో పెంచుచున్నది ఆ ముసలమ్మలే. 1980 ప్రాంతమునుండి 2015 వఱకు ఒక్క బిడ్డయే యను కట్టడి. 2016 నుండి ఇద్దఱు, 2021 నుండి ముగ్గురు కావచ్చునని సడలింపు. కాని 2022లో చైనా జనసంఖ్య తగ్గినది. 1961 తరువాత తగ్గుట అదే మొదటిసారి. అనగా, ఆ పొయ్యి యారిన సంవత్సరము తరువాత! నాడు తిండి లేక తగ్గిరి. నేడు ఇంట గ్యాసుపొయ్యి వెలుగుచున్నది, బియ్యము నిండుగా నున్నది, బిడ్డలు లేరు. 2020 జనాభాలెక్కలలో నూరుగురు ఆడుశిశువులకు 111 మంది మగశిశువులు పుట్టుచున్నట్లు తేలినది. ఈ తూకపు తప్పు మన దేశమునకును తెలిసినదే గనుక వేలెత్తి చూపను. ఉదయము తొమ్మిదినుండి రాత్రి తొమ్మిదివఱకు, వారమున ఆఱు దినములు పని చేయించు సంస్థల వాడుక శాసనవిరుద్ధమని వారి సర్వోన్నత న్యాయస్థానమే 2021లో చెప్పవలసివచ్చినది. అంత పని చేసి వచ్చిన కోడలు బిడ్డను ఎప్పుడు కనును, ఎవరి చేతిలో పెట్టును?

కాబట్టి నేనొక జాబు వ్రాసితిని. ముందుగా మెప్పు: వేగపు రైళ్లలో బాలింతలు బిడ్డకు పాలిచ్చుటకు గది యున్నదని మనుమరాలు చెప్పినది, సంతోషము. పిమ్మట ప్రశ్నలు. నలుగురు ముసలివారికి, ఇద్దఱు నడివయసువారికి ఒక్క బిడ్డయై పెరిగిన యాడపిల్ల నేడు ఇంటిలో ఎవరెవరికి వండుచున్నది? పల్లెలో మనుమని పెంచు నామెకు జ్వరము వచ్చిన, గంజి యెవరు కాచుదురు? రెండవ బిడ్డ వలదన్న కోడలిని అత్తగారేమనుచున్నది? మీ పుటలలో నొక్క ముసలమ్మను, నవ్వకున్న ముసలమ్మను, ఆమె వంటింటిలో నిలువబెట్టి చూపుడు.

మనుమరాలు దానిని ఆంగ్లమున టైపు చేయుచు, “అమ్మమ్మా, కంప్యూటరులో ఒక్క నిమిషములో పంపివేయుదునే, తపాలా యెందుకు?” అని యడిగెను. ఇందులో ఒకదానికి తపాలాబిళ్ల బాకీ యున్నదని చెప్పితిని.

పెద్దమ్మ ఆంగ్లప్రతిలోని ఎఱ్ఱసిరా దిద్దుబాట్లను అట్లే యుంచితిని. ఆమె కవరుపై పెకింగు అనియున్నది. నేడు బీజింగు అనుచున్నారు. కొట్టివేయుటకు చేయి రాలేదు. ఆ పాత కవరును నా జాబుతో కలిపి పెద్ద కవరులో పెట్టి, గడచిన సోమవారమున తపాలా కార్యాలయమునకు తీసికొనిపోయితిని. గుమాస్తా బాలుడు తూచి, చిరునామా చూచి, “చైనాకాండీ, మామ్మగారూ? అక్కడ మీవారెవరైనా ఉన్నారా?” అని యడిగెను.